మూడంగుళాల ఫిల్టర్ ఏదైనా పడుతుందా?

ప్రశ్న: నమస్తే సార్. మాది కరీంనగర్. 2019 మోడల్ స్విఫ్ట్ పెట్రోల్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ముందు ఓనర్ కంపెనీ ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి, బయట కొన్న అల్యూమినియం పైపు పెట్టించి, దాని చివర కోన్ ఫిల్టర్ బిగించాడు. బ్యాటరీ పక్కన పైనే ఉంటుంది. ఇప్పుడు దాని రబ్బరు పగిలింది, ఒక పక్క బట్ట చిరిగింది. పైపు మీద గానీ ఫిల్టర్ మీద గానీ ఏ కంపెనీ పేరూ లేదు. షాపులో అడిగితే మూడంగుళాలది ఏదైనా పడుతుందంటున్నారు. ఒకటి బాగా చవక, ఇంకొకటి దానికి ఐదారు రెట్లు. పెద్ద సైజు పెడితే పికప్ పెరుగుతుందని ఫ్రెండ్ అంటాడు. పాత డబ్బానే మళ్లీ పెట్టించమని నాన్న అంటారు. రోజూ గ్రానైట్ లారీలు తిరిగే రోడ్డు మీదే డ్యూటీకి వెళ్లి వస్తాను. మధ్యాహ్నం ట్రాఫిక్‌లో బండి సరిగా లాగడం లేదనిపిస్తోంది. నూనె రాసేది కొనాలా, డ్రై కొనాలా? పైపు ఏ కంపెనీదో తెలియకుండా ఫిల్టర్ ఎలా ఎంచుకోవాలి?

జవాబు: ముందు ఒక్క మాట. కొత్తది దొరికేదాకా ఆ చిరిగిన ఫిల్టర్‌తో బండి తీయకండి. ఎంచుకోవడానికి వారం పట్టినా ఫర్వాలేదు, ఆ వారం బస్సులోనో బైకు మీదనో వెళ్లండి. మామూలు ఊరి రోడ్డైతే ఇంత గట్టిగా చెప్పేవాణ్ని కాదు. మీరు వెళ్లేది గ్రానైట్ లారీల వెనక. గ్రానైట్ పొడిలో క్వార్ట్జ్ ఉంటుంది. ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద దాని స్థానం 7, మామూలు ఉక్కు చాకుది 5.5 దగ్గర. పిస్టన్ రింగుకూ సిలిండర్ గోడకూ మధ్య ఉండే నూనె పొర మందం కొన్ని మైక్రాన్లు మాత్రమే. కంటికి సరిగా కనిపించని సన్నటి ధూళి ఆ సందులో దూరి రెండు వైపులా గీస్తుంది. చిరుగు చిన్నదే కదా అనుకోవడానికి లేదు, ఎందుకంటే గాలి ఎప్పుడూ అడ్డు తక్కువ ఉన్న చోటు నుంచే ఎక్కువగా వెళ్తుంది.

ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. మన దేశంలో తిరిగే చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి గాలిని నేరుగా కొలిచే మాఫ్ సెన్సర్ ఉండదు. ఇంజిన్‌కు ఆనుకుని ఉన్న మానిఫోల్డ్‌లో ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ ఉంటుంది. అలాంటి బండిలో ఫిల్టర్ చిరిగినా, పైపు దగ్గర లీకు ఉన్నా పెట్రోలు లెక్క తప్పదు కాబట్టి చెక్ ఇంజిన్ లైటు వెలగదు. బండి మామూలుగానే నడుస్తున్నట్టు ఉంటుంది, లోపల మాత్రం అరుగుతూ ఉంటుంది. అందుకే లైటు వచ్చినప్పుడు చూద్దాంలే అని వదిలేయకూడదు.

ఇక మీ అసలు ప్రశ్న. పైపు కంపెనీ తెలియకపోవడం పెద్ద ఇబ్బంది కాదు. ఇలాంటి కోన్ ఫిల్టర్లకు పైపుతో ఉన్న సంబంధం గుండ్రటి రబ్బరు మూతి ఒక్కటే. అది పైపు మీద ఎక్కుతుంది, చుట్టూ హోస్ క్లిప్ బిగిస్తారు. కంపెనీ ఏదైనా పద్ధతి ఇదే. కాబట్టి పేరు వెతకడం మానేసి కొలతలు తీసుకోండి.

షాపులో చెప్పే 'మూడంగుళాలు' అన్న మాటను నమ్మి కొనకండి. ఆ మూడంగుళాలు దేని కొలతో వాళ్లు చెప్పలేదు, మీరూ అడగలేదు. పైపు బయటి వ్యాసమా, లోపలి వ్యాసమా, లేక ఫిల్టర్ మూతి బయటి అంచా? మీకు కావాల్సింది పైపు బయటి వ్యాసం. ఫిల్టర్ మూతి లోపలి వ్యాసం దానికి సమానంగా ఉండాలి. మార్కెట్లో ఎక్కువగా దొరికే మూతులు రెండున్నర, రెండుముప్పావు, మూడు, మూడున్నర అంగుళాలవి. మిల్లీమీటర్లలో అయితే సుమారు 63.5, 70, 76, 89. పైపు 70 ఉండగా 76 మూతి ఉన్నది తెచ్చి క్లిప్పు గట్టిగా బిగిస్తే రబ్బరు ముడత పడి, ఆ ముడత కిందే సందు మిగులుతుంది. పైకి గట్టిగా పట్టుకున్నట్టే కనిపిస్తుంది, కదిపినా కదలదు. ధూళికి మాత్రం ఆ సందు చాలు.

కొలవడానికి వెర్నియర్ కాలిపర్స్ ఉంటే మంచిది. లేకపోతే టైలర్లు వాడే టేపు తీసుకుని, పాత ఫిల్టర్ విప్పేసి, పైపు చివర రబ్బరు కూర్చునే చోట చుట్టుకొలత తీయండి. దాన్ని 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. టేపు 239 మిల్లీమీటర్ల దగ్గర కలిస్తే మీది 76 పైపు, 220 దగ్గర కలిస్తే 70, దాదాపు 200 వస్తే 63.5. కొన్ని పైపుల చివర ఫిల్టర్ జారిపోకుండా చిన్న ఉబ్బు అంచు ఉంటుంది. ఆ ఉబ్బు మీద కాకుండా, దాని వెనక ఉన్న చదును భాగం మీద కొలవండి. పాత రబ్బరు మూతిని కొలిచి దాన్ని నమ్ముకోవద్దు. అది ఇన్నాళ్ల వేడికి సాగి ఉంటుంది, పైగా ముందు ఓనర్ సరైన సైజే పెట్టాడన్న గ్యారంటీ లేదు. అది పగలడానికి కారణం సైజు తప్పడమే కావచ్చు కూడా.

చవక ఫిల్టర్లతో పాటు ఒకదానిలో ఒకటి ఇమిడే రబ్బరు రింగులు ఇస్తారు. ఒకే ఫిల్టర్ అన్ని పైపులకూ సరిపోవాలని. వాటి జోలికి వెళ్లకండి. ఒక అతుకు ఉండాల్సిన చోట మూడు అతుకులవుతాయి. ఇంజిన్ వణుకుతూ ఉంటుంది, వేడెక్కి చల్లారుతూ ఉంటుంది, ఏదో ఒక రింగు వదులవుతుంది. సరైన మూతి ఉన్న ఫిల్టర్ దొరికే కాలంలో ఈ సర్దుబాటు అవసరం లేదు.

మూతి తర్వాత చూడాల్సినవి కింది వెడల్పు, పై వెడల్పు, పొడవు, మూతి నిటారుగా ఉందా ఒక పక్కకు వాలి ఉందా అన్నది. మీ ఫిల్టర్ బ్యాటరీ పక్కన ఉందన్నారు కాబట్టి అక్కడ చోటు తక్కువే ఉంటుంది. ఇంజిన్ దాని రబ్బరు మౌంటుల మీద కదులుతుందని గుర్తుంచుకోండి. గేరు వేసి క్లచ్ వదిలినప్పుడు, గుంతల్లో పడినప్పుడు పైపుతో పాటు ఫిల్టర్ కూడా ఊగుతుంది. చుట్టూ కనీసం రెండు సెంటీమీటర్ల ఖాళీ ఉంచండి. పక్కల ఖాళీ కంటికి కనిపిస్తుంది గానీ బోనెట్ కింద ఎంత ఉందో తెలియదు. దానికి ఒక తేలిక పద్ధతి ఉంది. చపాతీ పిండి ముద్దను పలచటి ప్లాస్టిక్ కవరులో చుట్టి, ఇప్పుడున్న ఫిల్టర్ మీద ఎత్తుగా పెట్టి, బోనెట్ మెల్లగా మూసి తెరవండి. నలిగిన ముద్ద ఎంత మందం మిగిలితే అంత ఖాళీ ఉన్నట్టు. అందులో పైన చెప్పిన రెండు సెంటీమీటర్లు వదిలేసి, మిగిలింది పాత ఫిల్టర్ వెడల్పుకు కలుపుకుంటే కొత్తది ఎంత పెద్దది పడుతుందో తెలిసిపోతుంది. ఈ కొలతలన్నీ ఒక కాగితం మీద రాసుకుని షాపుకు వెళ్లండి. మంచి కంపెనీలు ప్రతి ఫిల్టర్‌కూ ఈ కొలతలన్నీ ఇస్తాయి. కొలతలు చెప్పలేని ఫిల్టర్ కొనకండి.

మీ ఫ్రెండ్ మాట సంగతి చూద్దాం. పెద్ద ఫిల్టర్‌తో పికప్ పెరుగుతుందా? మీ బండి ఇంజిన్ 1197 సీసీ, పూర్తి పవర్ 83 పీఎస్ 6000 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి తన సీసీ అంత గాలి పీల్చుకుంటుంది. అంటే 6000 దగ్గర నిమిషానికి ఎంత ఎక్కువ అనుకున్నా 3,600 లీటర్లు. కే అండ్ ఎన్ కంపెనీ తమ నూనె కాటన్ ఫిల్టర్ల కోసం ఒక లెక్క ఇస్తుంది. ఇంజిన్ సైజును ఘనపు అంగుళాల్లో తీసుకుని, పూర్తి పవర్ వచ్చే ఆర్‌పీఎంతో గుణించి, 20,839తో భాగిస్తే కావాల్సిన ఫిల్టర్ వైశాల్యం చదరపు అంగుళాల్లో వస్తుంది. మీ ఇంజిన్ 73 ఘనపు అంగుళాలు, లెక్క వేస్తే 21 చదరపు అంగుళాలు, అంటే దాదాపు 135 చదరపు సెంటీమీటర్లు. ఇప్పుడు ఒక మామూలు కోన్ తీసుకోండి. కింద 150 మిల్లీమీటర్లు, పైన 120, పొడవు 130. రెండు చివర్ల రబ్బరు భాగాన్ని తీసేసినా దాని చుట్టూ వైశాల్యం 470 చదరపు సెంటీమీటర్ల దాకా వస్తుంది, మడతలను లెక్కలోకి తీసుకోకుండానే. కావాల్సిన దానికి మూడు రెట్లకు మించి ఉంది. ఇంతకంటే పెద్దది పెట్టినా ఇంజిన్ అదనంగా పీల్చుకునేది ఏమీ లేదు. టర్బో ఇంజిన్లయితే గాలిని ఒత్తి నింపుతాయి కాబట్టి వాటికి ఇంకా ఎక్కువ కావాలి, మీది టర్బో కాదు.

అయినా సరే, పట్టినంత పెద్దదే కొనండి అంటాను. పికప్ కోసం కాదు, దుమ్ము కోసం. వైశాల్యం ఎక్కువైతే ప్రతి చదరపు సెంటీమీటరు మీద పడే ధూళి తగ్గుతుంది, గాలి మెల్లగా లోపలికి వెళ్తుంది, ఫిల్టర్ మూసుకుపోవడానికి ఎక్కువ కాలం పడుతుంది. మీ రోడ్డుకు అది నిజమైన లాభం.

మధ్యాహ్నం బండి లాగకపోవడానికి ఫిల్టర్ మూసుకుపోవడం కారణం కాకపోవచ్చు. మీది చిరిగిన ఫిల్టర్, గాలికి లోటు లేదు. కారణం వేడి అయ్యుంటుంది. కంపెనీ డబ్బా గాలిని ముందు గ్రిల్ వైపు నుంచి, ఇంజిన్ వేడి తగలని చోటు నుంచి తెచ్చుకుంటుంది. మీ కోన్ ఇంజిన్ పక్కనే ఏ అడ్డూ లేకుండా ఉంది. ట్రాఫిక్‌లో బండి ఆగి ఉన్నప్పుడు రేడియేటర్ ఫ్యాన్ ఊదే వేడి గాలినే అది పీలుస్తుంది. గాలి 35 డిగ్రీల నుంచి 65 డిగ్రీలకు వేడెక్కితే దాని సాంద్రత 9 శాతం దాకా తగ్గుతుంది, పవర్ కూడా ఆ మేరకు పడిపోతుంది. వేడి గాలి చూసి ఇంజిన్ కంప్యూటర్ నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి మండి ఇంజిన్ టకటకమనడం) రాకుండా ప్లగ్గు నిప్పు కొట్టే టైమింగ్ వెనక్కి జరిపితే ఇంకాస్త తగ్గుతుంది. తెరిచి ఉన్న కోన్‌తో పెద్ద శబ్దం వస్తుంది కాబట్టి బండి ఎక్కువ లాగుతున్నట్టు చెవికి అనిపిస్తుంది, అంతే. ఇది నిజమో కాదో మీరే చూసుకోవచ్చు. ఓబీడీ పోర్టుకు (బండి కంప్యూటర్‌ను చదవడానికి ఉండే సాకెట్) పెట్టే చిన్న బ్లూటూత్ స్కానర్ ఒకటి ఎవరి దగ్గరైనా తీసుకుని, ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్ అన్న అంకెను ఫోన్‌లో చూడండి. రోడ్డు మీద వేగంగా వెళ్తున్నప్పుడు, ట్రాఫిక్‌లో పది నిమిషాలు ఆగి ఉన్నప్పుడు రెండుసార్లూ రాసుకోండి. తేడా ఎక్కువగా ఉంటే మీ డబ్బు ఖరీదైన ఫిల్టర్ మీద కంటే, ఫిల్టర్ చుట్టూ ఇంజిన్ వైపు అడ్డుగా పెట్టే రేకు మీద, గ్రిల్ నుంచి గాలి తెచ్చే గొట్టం మీద పెట్టడం మేలు. ఆ రేకును లోకల్‌గా చేయించుకోవచ్చు. దాని అంచులు ఫిల్టర్‌కు గానీ వైర్లకు గానీ తగలకుండా రబ్బరు బీడింగ్ వేయించండి.

అదే సమయంలో ఆ పైపు మీద ఉష్ణోగ్రత సెన్సర్ సరిగా కూర్చుందో లేదో చూడండి. రెండు వైర్లతో చిన్నగా ఉంటుంది. డబ్బా తీసేసినప్పుడు కొందరు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక వైర్లతో కట్టి వదిలేస్తారు. అప్పుడు అది గాలిని కాకుండా ఇంజిన్ గదిలో వేడిని చదువుతుంది. నాలుగైదు వైర్లతో పైపులోకి దిగిన సెన్సర్ కనిపిస్తే మాత్రం అది మాఫ్. ఆ సంగతి నూనె ఫిల్టర్ దగ్గర మళ్లీ వస్తుంది.

నూనెదా, డ్రైయా? నూనె కాటన్ ఫిల్టర్లకు పేరు తెచ్చింది అమెరికాలో కాలిఫోర్నియాలో పుట్టిన కే అండ్ ఎన్. 1969లో మొదలైంది. వాటిలో వైరు జాలీల మధ్య కొన్ని పొరల పలచటి కాటన్ బట్ట ఉంటుంది, దానికి పలచగా నూనె పట్టిస్తారు. బట్ట రంధ్రాలు పెద్దవే, ధూళిని పట్టేది ముఖ్యంగా ఆ నూనె తడి. అందుకే నూనె సరిగా ఉన్నంతకాలం బాగా పని చేస్తుంది, గాలికి అడ్డు తక్కువ, కడిగి మళ్లీ వాడుకోవచ్చు. నూనె ఆరిపోతే, లేదా ఎక్కడో ఒక మడతకు తగలకుండా వదిలేస్తే, అక్కడ మామూలు గుడ్డ మాత్రమే మిగులుతుంది. నూనె ఎక్కువైతే ఇంకో సమస్య. మాఫ్ సెన్సర్ ఉన్న బండిలో అదనపు నూనె తుంపరగా వెళ్లి సెన్సర్‌లోని సన్నటి వేడి తీగకు అంటుకుంటుంది, దాని మీద ధూళి పేరుకుంటుంది, రీడింగ్ తప్పుతుంది. మీ బండిలో మాఫ్ లేకపోతే ఈ భయం లేదు.

డ్రై ఫిల్టర్లలో మడతలు పెట్టిన సింథటిక్ బట్ట ఉంటుంది, నూనె అవసరం లేదు. ఏఈఎం డ్రైఫ్లో, ఏఎఫ్‌ఈ ప్రో డ్రై ఎస్ లాంటివి ఈ రకం. ఫోమ్‌తో చేసినవీ ఉన్నాయి, వాటిలో ఎక్కువవాటికి నూనె పట్టించాలి, వాటి నిర్వహణ కాటన్ వాటి కంటే తేలికేమీ కాదు.

మీకు నేను డ్రై సింథటిక్ తీసుకోమంటాను. నూనె ఫిల్టర్ చెడ్డదని కాదు. మీ రోడ్డు మీద ఫిల్టర్ తరచుగా మురికవుతుంది, తరచుగా కడగాలి. కడిగిన ప్రతిసారీ ఒక రోజు ఆరనిచ్చి, సరైన నూనె, సరైన మోతాదులో, ప్రతి మడతకూ పట్టించాలి. డ్యూటీకి టైమ్ అవుతుంటే ఈ పని హడావిడిగా జరుగుతుంది, లేదా మెకానిక్ చేతికి వెళ్తుంది. అక్కడ పెట్రోలుతో కడిగి కంప్రెసర్‌తో గాలి కొట్టి ఇంజిన్ ఆయిల్ రాసి ఇచ్చేవాళ్లు ఉన్నారు. పెట్రోలు జిగురును, రబ్బరును పాడు చేస్తుంది, కంప్రెసర్ గాలి బట్ట పోగుల్ని విడదీస్తుంది, ఇంజిన్ ఆయిల్ కిందికి కారిపోతుంది. డ్రై ఫిల్టర్‌లో తప్పు జరిగే అవకాశాలు తక్కువ. ఓపికగా, మీ చేత్తో మీరే చేసుకుంటానంటే నూనెది కూడా హాయిగా వాడుకోవచ్చు. ఏది కొన్నా ఒకటే నియమం: డ్రై దానికి ఎప్పుడూ నూనె రాయకూడదు, నూనె దాన్ని ఎప్పుడూ పొడిగా వాడకూడదు.

ధర దగ్గరికి వస్తే, చవకది అన్నంత మాత్రాన పారేయాల్సిన పని లేదు గానీ చేతిలోకి తీసుకుని చూడండి. మడతలు లోతుగా, ఒకే ఎడంలో ఉన్నాయా? మడతలు రబ్బరులో దిగిన చోట ఎక్కడైనా జిగురు వదిలిందా? మూతి రబ్బరు మెత్తగా ఉండి వంచితే మళ్లీ మామూలుగా అవుతోందా, గట్టిగా ప్లాస్టిక్‌లా ఉందా? జాలీ తీగలు ఎక్కడైనా తెగి లోపలికి పొడుచుకు వచ్చాయా? తెగిన తీగ ముక్క ఇంజిన్‌లోకి వెళ్తే ధూళి కంటే పెద్ద నష్టం. తర్వాత వెలుతురుకు పట్టి చూడండి. కాటన్ ఫిల్టర్లో సూది మొనంత వెలుతురు చుక్కలు కనిపించడం మామూలే, భయపడొద్దు. బట్టే లేనట్టు అటువైపు వస్తువులు కనిపిస్తే అది ఫిల్టర్ కాదు, జాలీ. ఎర్ర రంగు వేసి శంకు ఆకారంలో చేసినవన్నీ ఫిల్టర్లు కావు.

ఖరీదైనది అంటున్న రెండోది నిజమైనదేనా అన్నది కూడా చూసుకోవాలి. పేరున్న కంపెనీలకు నకిలీలు చాలా వస్తాయి. అసలు ధరలో సగానికే కొత్తది ఇస్తానంటే అనుమానించండి. రబ్బరు మీద పార్ట్ నంబరు అచ్చు ఉంటుంది, దాన్ని కంపెనీ కేటలాగ్‌లో వెతికి, అక్కడిచ్చిన కొలతలు చేతిలో ఉన్న ఫిల్టర్‌తో సరిపోతున్నాయో లేదో టేపు పెట్టి చూడండి. కంపెనీ అధీకృత డీలర్ దగ్గర బిల్లుతో తీసుకోండి.

పవర్ ఇంత పెరుగుతుందని డబ్బా మీద రాసిన అంకెలు వదిలేయండి. అడగాల్సింది ధూళిని ఎంత శాతం ఆపుతుందని. దీనికి ఐఎస్‌ఓ 5011 అనే అంతర్జాతీయ పరీక్షా పద్ధతి ఉంది. తెలిసిన సైజు ధూళిని, తెలిసిన గాలి వేగంతో ఫిల్టర్ మీదికి వదిలి, ఎంత దాటి వెళ్లిందో తూకం వేస్తారు. ఫలితం చెప్పే కంపెనీని చెప్పని కంపెనీ కంటే ఎక్కువ నమ్మవచ్చు. అయితే అంకెతో పాటు ఏ ధూళితో పరీక్షించారో కూడా చూడండి. ఇసుక రేణువుల్లాంటి ముతక ధూళితో చేస్తే ఏ ఫిల్టర్‌కైనా మంచి మార్కులే వస్తాయి. సన్నటి ధూళితో చేసిన అంకె మీకు పనికొస్తుంది. 99 శాతానికీ 97 శాతానికీ తేడా రెండే కదా అనిపిస్తుంది. లోపలికి వెళ్లేదాన్ని చూస్తే ఒకటి వందలో ఒక వంతు వదులుతోంది, ఇంకొకటి మూడు వంతులు. ఇంజిన్‌కు అది మూడింతల ధూళి.

ఫిల్టర్‌తో పాటు, దాని సైజుకు సరిపోయే పైతొడుగు ఒకటి తీసుకోండి. సాక్సులా ఫిల్టర్ మీద తొడిగే పలచటి సింథటిక్ బట్ట. ముతక ధూళి అక్కడే ఆగిపోతుంది, వారానికి ఒకసారి తీసి దులిపి కడిగి ఆరేసి మళ్లీ తొడగవచ్చు. అసలు ఫిల్టర్‌ను కడగాల్సిన అవసరం చాలా తగ్గుతుంది. ఇంట్లో ఉన్న మందపాటి గుడ్డ చుట్టే ప్రయత్నం చేయకండి, తడిస్తే గాలి ఆడదు.

కడగడం గురించి ఒక విషయం చాలామందికి తెలియదు. ఫిల్టర్ మీద కొంచెం ధూళి పేరుకున్నాక అది ఇంకా బాగా వడకడుతుంది. పేరుకున్న పొర కూడా ఫిల్టర్‌లా పని చేస్తుంది కాబట్టి. అందుకే కాస్త మురికి కనిపించగానే కడగడం మంచి అలవాటు కాదు. మడతల మధ్య లోయలు ధూళితో నిండి, జాలీ తీగలు కనిపించనంత అయినప్పుడు కడిగితే చాలు. కంపెనీ చెప్పిన క్లీనర్ కొట్టి, పది నిమిషాలు ఆగి, కుళాయి నీళ్లు లోపలి నుంచి బయటకు మెల్లగా వదలండి. బయటి నుంచి వదిలితే మురికి బట్టలోకి దిగుతుంది. నీడలో దానంతటదే ఆరాలి. తడి ఫిల్టర్‌తో బండి స్టార్ట్ చేయకండి.

ఫిల్టర్ పైనే ఉందన్నారు కాబట్టి వర్షపు నీళ్ల భయం తక్కువ. బంపర్ కిందికి దిగే పైపులతోనే ప్రమాదం. నిలిచిన నీళ్లలో ఫిల్టర్ మునిగితే ఇంజిన్ నీళ్లు తాగుతుంది. నీరు కుదించుకుపోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. ఆ నష్టానికి ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ లేని మామూలు పాలసీ కింద సాధారణంగా డబ్బు రాదు. పాలసీ రెన్యూవల్‌లో ఈ మార్పు సంగతి బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి ఉంచండి.

ఇక నాన్నగారి మాట. ఆయన చెప్పింది సరైనదే, మీ రోడ్డుకు నా మొదటి సలహా కూడా అదే. కంపెనీ డబ్బా చల్లటి గాలి తెస్తుంది, ఫిల్టర్ చుట్టూ గట్టిగా మూసుకుంటుంది, సెన్సర్‌కూ గొట్టాలకూ చోటు ఉంటుంది. అందులో వేసే కాగితం ఫిల్టర్ సన్నటి ధూళిని బాగా ఆపుతుంది, కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది, దుమ్ము రోడ్డు కాబట్టి సర్వీస్ పుస్తకంలో ఉన్న కిలోమీటర్ల కంటే ముందే మార్చేసినా బరువు కాదు. కాబట్టి కోన్ కొనడానికి ముందే మారుతి జెన్యూన్ పార్ట్స్ షాపులో డబ్బా, దానికి వచ్చే గొట్టాలు, క్లిప్పులు అన్నీ కలిపి ఎంతవుతుందో అడగండి. సెకండ్ హ్యాండ్‌లో కూడా దొరుకుతుంది. అప్పుడు పగుళ్లు, విరిగిన క్లిప్పులు చూసుకోండి. మంచి కోన్, వేడికి అడ్డు రేకు, పైతొడుగు, ఈ మూడింటి ఖర్చు కలిపి దానితో పోల్చండి. ఆ శబ్దం ఇష్టమై ఉంచుకోవాలనుకుంటే అదీ తప్పు కాదు, పైన చెప్పినవి పాటిస్తే ఇంజిన్ భద్రంగానే ఉంటుంది.

కోన్‌నే బిగిస్తే, మూతి పైపు మీద పూర్తిగా ఎక్కాలి, క్లిప్పు రబ్బరు మధ్యలో కూర్చోవాలి, అంచు మీద కాదు. ఇంజిన్ లోపలి ఆవిర్లను తెచ్చే బ్రీదర్ గొట్టం పైపుకు కలిసే చోట, వాడని రంధ్రాలు ఏవైనా ఉంటే వాటి దగ్గర, రబ్బరు మూతలు గట్టిగా ఉన్నాయా చూడండి. ఎంత మంచి ఫిల్టర్ పెట్టినా అక్కడ తెరిచి ఉంటే వడకట్టని గాలే వెళ్తుంది. బిగించే ముందు పైపు లోపల తెల్ల గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఫిల్టర్ తర్వాత భాగంలో లోపలి గోడకు వేలితో చాలా పలచగా గ్రీజు రాయండి. రెండు వారాలు మీ రోడ్డు మీద నడిపాక విప్పి ఆ గ్రీజును వేలితో నలిపి చూడండి. నున్నగా ఉంటే మీ ఎంపిక, మీ బిగింపు రెండూ సరిగ్గా ఉన్నట్టు. గరగరలాడితే ఎక్కడో సందు ఉంది, లేదా ఆ ఫిల్టర్ పనికిరాదు. గ్రీజు తుడిచేసి, సందు ఎక్కడో కనిపెట్టేదాకా బండి నడపకండి.

చిరిగిన ఫిల్టర్‌తో ఇప్పటికే ఎన్నాళ్లు తిరిగిందో తెలియదు కాబట్టి, కొత్తది పెట్టిన రోజే ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్పించి, థ్రాటిల్ బాడీ శుభ్రం చేయించండి. ఆ తర్వాత వెయ్యి కిలోమీటర్ల దాకా వారం వారం ఉదయం చల్లటి ఇంజిన్ మీద డిప్‌స్టిక్ చూసి రాసుకోండి. ఆయిల్ కనిపించేంతగా తగ్గుతుంటే, లేదా సైలెన్సర్ నుంచి నీలి పొగ వస్తుంటే కంప్రెషన్ టెస్ట్ (ఒక్కో సిలిండర్ ఎంత ఒత్తిడి నిలుపుతోందో కొలవడం) చేయించండి. నాలుగు సిలిండర్ల అంకెలూ కాగితం మీద రాయించుకుని తీసుకోండి.